మాణిక్యం లాకుల దగ్గరే ఉంది

తణుకులో బస్సెక్కేటప్పుడు వెంకటదుర్గ చేతిసంచిలో రెండు పుస్తకాలు పెట్టుకుంది. ఇంత చిన్న ప్రయాణానికి రెండెందుకమ్మా అని కొడుకు ఉదయ్‌కుమార్ అడిగితే, ఒకటి బాగోకపోతే ఏం చెయ్యాలి అని ఎదురడిగింది. ఆవిడ తీరే అంత. పెళ్ళికి వెళ్ళినా పుస్తకమే, ఆస్పత్రిలో పడుకున్నా పుస్తకమే. ఆఖరికి అన్నవరం కొండ మీద వ్రతానికి వరసలో కూర్చున్నప్పుడు కూడా ఒళ్ళో పుస్తకం తెరిచి, పక్కావిడ చేత చీవాట్లు తిన్న మనిషి. పంచదార ఫ్యాక్టరీలో పనిచేసిన భర్త బతికున్న రోజుల్లో, మా ఇంట్లో పప్పు మాడిందంటే కథ మంచి పట్టులో ఉందని అర్థమండి అని వచ్చినవాళ్ళకి చెప్పి నవ్వేవాడు.

ఈసారి ప్రయాణం కూడా పుస్తకం కోసమే. నర్సాపురం దగ్గర ఆవిడ పుట్టిన ఊళ్ళో గ్రంథాలయం పాత పెంకుటింట్లోంచి సచివాలయం పక్క గదిలోకి మారుతోంది. ఆ గది అగ్గిపెట్టంత. అందులో పట్టని పాత పుస్తకాలన్నీ ఏరేస్తే లారీ వచ్చి కాగితం మిల్లుకి పట్టుకుపోతుంది. అక్కడ పనిచేసేది తమ్ముడి కూతురు హారతి. నువ్వెప్పుడూ చెబుతుంటావే ఆ ఎర్ర అట్ట పుస్తకం, ఉంటే ఇప్పుడే వెతుక్కోవాలి అత్తా, శుక్రవారం దాటితే ఉండదు అని ఫోన్ చేసింది. దుర్గ బుధవారం పొద్దున్నే దిగింది. బస్సు దిగినచోటి నుంచి తమ్ముడింటికి వీధిలోంచి వెళితే దగ్గర. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే కాలవగట్టు మీంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

గ్రంథాలయంలో మేనత్తా మేనకోడలూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. హారతి బీరువాలోంచి పుస్తకాలు దింపడం, దుర్గ ఒక్కోదాన్నీ దులిపి, వెన్ను చూసి, మొదటి పేజీ తిప్పి, ఉంచేవాటి వైపో పోయేవాటి వైపో పెట్టడం. పోయేవాటి గుట్ట ఎంతకీ పెరగలేదు. పది పుస్తకాలు తీసి చేతికిస్తే తొమ్మిది ఉంచేవాటి వైపే చేరుతున్నాయి. అన్నీ ఉంచేస్తే మరి నేను బయట కూర్చుని ఉద్యోగం చెయ్యాలి అత్తా అని హారతి గొణిగింది. దుర్గకి వినపడలేదు. చిన్నప్పుడెప్పుడో చదివిన ఒక పుస్తకం చేతికొచ్చి, అందులోకి దిగిపోయింది.

ఆవిడ వెతికే పుస్తకానికి పేరు లేదు. ఆవిడ చేతికొచ్చేనాటికే అట్టా, మొదటి రెండు కాగితాలూ పోయి, ఎవరో ఎర్ర రెక్సిన్ వేసి కుట్టించారు. ఎవరు రాశారో తెలియదు. అందరూ మాణిక్యం పుస్తకం అనేవారు. బియ్యం పడవ మీద సరుకుతో వెళ్ళిన తండ్రి తిరిగి రాకపోతే, మాణిక్యం అనే పిల్ల కాలవల వెంట ఆ పడవా ఈ పడవా ఎక్కుతూ ఆయన్ని వెతుక్కుంటూ పోతుంది. రాత్రిపూట తండ్రి పాడే పాట ఒక్కటే ఆ పిల్ల దగ్గరున్న ఆనవాలు. అదీ కథ.

దుర్గ చెబుతుంటే హారతి చేతిలో పని ఆపి విని, "ఆఖరికి దొరికాడా?" అని అడిగింది.

"తెలీదే. చివరిదాకా చదవలేదు."

హారతి నవ్వింది. ఊళ్ళో ఉన్న పుస్తకాలన్నీ చదివేసిన మనిషి, ఇన్నేళ్ళుగా కథలు కథలుగా చెప్పే ఆ ఒక్క పుస్తకమే పూర్తి చెయ్యలేదంటే నవ్వు రాదా మరి. ఎందుకు చదవలేదని అడిగింది. దుర్గ అరచేతులు చీరచెంగుకి తుడుచుకుంది. దుమ్ము పట్టిన పుస్తకం మీద ఆవిడ వేళ్ళ గుర్తులు తడితడిగా పడి ఉన్నాయి. లాక్కున్నారు అని మాత్రం చెప్పింది.

ఆ చెమట చేతులే ఆవిడకి పుస్తకాన్ని ఇచ్చాయి. ఆ ఊళ్ళో ఆడపిల్ల పుడితే చేతికి లేసు సూది వచ్చినట్టే. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధివీధినా అరుగుల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లదారంతో పువ్వులు అల్లేవారు. దుర్గ వాళ్ళ వీధిలో అరుగు చిన్నమ్మాయత్తది, రాజ్యం కూడా ఆవిడదే. దుర్గ అల్లిక చక్కగానే అల్లేది గాని అరచేతుల చెమటకి దారం గంజిముద్దలా తయారయ్యేది. లేసు కొనుక్కుపోయే ఏజెంటు బంగార్రాజు దుర్గ అల్లిన పువ్వులు అందరి ముందూ పైకెత్తి చూపించి, ఇవి దీపం ఒత్తులకైతే పనికొస్తాయి అన్నాడు ఒకరోజు. పిల్ల ఏడ్చుకుంటూ లేవబోతుంటే చిన్నమ్మాయత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అల్లకపోతే మానెయ్, మాకు కథ చదువు, నువ్వు బడికెళ్ళి నేర్చుకున్నది మేము కూడా చూస్తాం అని గ్రంథాలయంలోంచి ఎర్ర అట్ట పుస్తకం తెప్పించి ఒళ్ళో పడేసింది. ఆ అరుగు మీద చదవడం వచ్చినది ఈ పిల్లకే.

అంతవరకూ దుర్గకి పుస్తకమంటే పరీక్షే. మొదటిరోజు కూడబలుక్కుంటూ చదివింది. తరవాత్తరవాత మాణిక్యం పడవ ఎక్కితే తన కాళ్ళకింద నీళ్ళు కదిలినట్టుండేది. పాపాయి అనే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ సూది వేలికి గుచ్చుకునేది. రోజుకొక్క అధ్యాయం, అంతకి మించి చిన్నమ్మాయత్త చదవనిచ్చేది కాదు. అల్లికకి కూడా ఆవిడ అలాంటి రూలే పెట్టింది. పొద్దువాలి లేచేటప్పుడు పువ్వు పూర్తి చెయ్యకూడదు, ఒక రేక ఉంచేసి లేవాలి. పూర్తయిపోయిన పువ్వు రేపు రమ్మని పిలవదు అనేది.

అదే చిన్నమ్మాయత్త, ఇంకో రెండు అధ్యాయాలున్నాయనగా పుస్తకం లాగేసుకుంది. దుర్గకి పెళ్ళి కుదిరి, ఆ వారంలోనే ముహూర్తం. మాణిక్యం కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గరికొచ్చింది. మూసి ఉన్న లాకు తలుపుల అవతల ఆగిన పడవలోంచి తండ్రి పాట వినపడుతోంది. లాకులవాడు చక్రం తిప్పుతున్నాడు, తలుపులు కదిలాయి, ఆ రోజు అధ్యాయం అక్కడికయింది. దుర్గ ఉండబట్టలేక తరవాతి పేజీ తిప్పింది. చిన్నమ్మాయత్త అల్లిక కింద పెట్టి, లేచొచ్చి, చేతిలోంచి పుస్తకం లాక్కుంది. "చదివింది చాల్లే, లే" అంది. దారం ఉండలు పంచుతున్న బంగార్రాజు నవ్వాడు. దుర్గ చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఆ అరుగెక్కలేదు. అత్తారింట్లో ఏ పుస్తకం దొరికితే అది చదువుకుంటూ పోయింది. దొరకని ఆ చివర కోసమే ఎన్ని పుస్తకాల చివర్లు చూసిందో.

బుధవారం సాయంత్రానికి ఎర్ర రెక్సిన్ అట్టలు చాలానే బయటపడ్డాయి. వాటిలో మాణిక్యం లేదు. దుర్గ బీరువాల వెనకా, కుర్చీల కిందా కూడా చీపురుపుల్లతో కెలికించింది. ఎలక తిన్న కాగితాలు వచ్చాయి గాని కథ రాలేదు. గుమ్మంలో నించుని చెయ్యి దులుపుకుంటుంటే ఆవిడ మొహం చూసి హారతికి జాలేసింది.

"పోయినచోటే వెతుక్కోమన్నారు కదత్తా. లాక్కున్నవాళ్ళనే అడగరాదూ? ఎవరు వాళ్ళు?"

"చిన్నమ్మాయత్త."

"ఓస్, ఆ మామ్మేనా? నేనెప్పుడు ఆ వీధిలోంచి వెళ్ళినా మీ అత్త వచ్చిందేంటే అని అడుగుతానే ఉంటుంది. నువ్వెప్పుడూ వెళ్ళవని మీ ఇద్దరికీ పడదేమో అనుకున్నాను."

తనని అడుగుతుందా అని దుర్గ ఒకటికి రెండుసార్లు అడిగింది. రాత్రి అన్నం దగ్గర కూడా పరధ్యానంగానే ఉంది. సంచిలో రెండు పుస్తకాలుండి ఒక్కటీ తియ్యలేదు.

గురువారం పొద్దుటంతా గ్రంథాలయంలోనే తచ్చాడింది. కట్టిన కట్టలు విప్పి మళ్ళీ కట్టింది. భోజనాలయ్యాక, ఈ చీర మరీ మాసిపోయింది అని కొత్తది కట్టుకుంది. చిన్నమ్మాయత్త వీధిలోకి తిరిగేచోట ఒకసారి ఆగింది. నలభై ఏళ్ళు దాటిన కోపం మోసుకుంటూ వెళ్ళి, అవతల మనిషికి అసలు గుర్తే లేకపోతే అంతకంటే తలవంపులు ఏముంటాయి? ఆ భయం వేసింది ఆవిడకి. అయినా వెళ్ళింది.

అరుగు లేదు. దాని చోట నాలుగు గ్రానైటు మెట్లూ, పైన స్లాబూ, మోటారుసైకిలూ ఉన్నాయి. మెట్ల పైన ప్లాస్టిక్ కుర్చీలో చిన్నమ్మాయత్త కూర్చుని ఉంది. మనిషి సగానికి సగం అయిపోయింది. కళ్ళు సరిగా ఆనవు, చేతిలో లేసు సూది మాత్రం కదులుతూనే ఉంది. వేళ్ళ కణుపులు వంకర్లు తిరిగినా, దారం చూపుడువేలికి ఎప్పటిలాగే రెండు చుట్లు చుట్టుకుంది. కోడలు బేబీ బయటికొచ్చి, ఎవరో వచ్చారండి అత్తయ్యగారూ అని చెప్పబోయింది. ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"కాలవగట్టు మీంచి వచ్చావా, వీధిలోంచి వచ్చావా?"

"వీధిలోంచే అత్తా."

"అయితే కూర్చో."

బేబీ కుర్చీ తెచ్చేలోపే దుర్గ మెట్టు మీద కూర్చుండిపోయింది. దారిలో అనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. గ్రంథాలయం మారిపోవడం గురించీ, లారీ గురించీ చెప్పింది. చిన్నమ్మాయత్త వింటూ ఒక రేక పూర్తి చేసింది. ఆ తరవాత బేబీని పిలిచి, నా పెట్టెలో అడుగున ఉన్న మూట పట్రా అంది.

తెల్లటి లేసు గుడ్డలో చుట్టి ఉంది పుస్తకం. గుడ్డ నాలుగంచులా పువ్వులు, మూలనున్న పువ్వుకి ఒక రేక తక్కువ. విప్పితే ఎర్ర రెక్సిన్ అంచులు పొట్టులా రాలాయి. దుర్గ పేజీలు తిప్పింది. ప్రతి పేజీకీ కింద మూల ఒక వేలి మరక, టీ రంగులో. తన బొటనవేలు దాని మీద పెట్టి చూసుకుంది. దారాన్ని పాడుచేసిన చెమట ఇక్కడ అలాగే నిలిచిపోయింది. మరకలు పుస్తకం చివరికంటా లేవు. లాకుల అధ్యాయం తరవాత తిప్పిన ఒక్క పేజీతో సరి, ఆ మీద కాగితాలు మూలలు నలక్కుండా శుభ్రంగా ఉన్నాయి.

"నువ్వెందుకు లాక్కున్నావత్తా?"

"లాక్కోక? అయిపోగొట్టేస్తున్నావుగా."

దుర్గకి అర్థం కాలేదు. చిన్నమ్మాయత్త సూది ఒళ్ళో పెట్టుకుంది.

"నీకు ఆ వారంలో పెళ్ళి. ఉన్న రెండూ కూడా చదివేస్తే ఇంక మా అరుగుతో నీకు పనేముంటది? ఉంచితే, పురిటికి వచ్చినప్పుడు వచ్చి చదువుతావు, మూణ్ణెల్లు ఉంటావు గదా అనుకున్నాను. పాపాయి నాతో దెబ్బలాడింది కూడా, ఇప్పుడే వినాలని. నేనే సాగనివ్వలేదు."

"ఆ మాటే చెప్పొచ్చుగా."

"మంచిగా చెప్పడం నాకెప్పుడొచ్చిందే? పైగా చెబితే ఏడుస్తావు, పెళ్ళికూతురివి. లే అన్నాను. నువ్వు లేచి ఇప్పటిదాకా రాకుండా పోయావు."

పురిటికి వచ్చింది దుర్గ. పిల్లాణ్ణెత్తుకుని కాలవగట్టు మీంచే అటూ ఇటూ తిరిగింది. అరుగు మీదివాళ్ళకి ఆ సంగతి తెలుసు. చదువుకున్న పిల్ల, తణుకులో పెద్ద లైబ్రరీ ఉంటుంది, అక్కడ మాణిక్యం ఏమైందో చదివేసుకుని ఉంటుంది, ఏరు దాటి తెప్ప తగలేసింది అనుకున్నారట. అనుకుని కూడా పుస్తకం తిరిగివ్వలేదు. లైబ్రరీ అతను ఇంటికొచ్చి అడిగితే, కాలవలో పడిపోయిందని చిన్నమ్మాయత్త తడుముకోకుండా అబద్ధమాడింది.

తరవాత వీధిలో ఆడపిల్లలందరూ చదువుకున్నారు, ఎవరిచేతన్నా చదివించుకుని వినలేకపోయారా అని అడిగింది దుర్గ.

"మేమందరం వినేసి, నువ్వొక్కత్తివీ వినకుండా ఉండిపోతే ఏం బాగుంటదే?" అంది చిన్నమ్మాయత్త. "పాపాయి పోయేముందు కూడా అడిగింది, మాణిక్యం ఏమైందే అని. లాకుల దగ్గరే ఉందిలే, దుర్గ రావాలి అన్నాను."

దుర్గ ఏడ్చింది. అరవయ్యో పడిలో మనవలున్న మనిషి, వీధి మెట్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వీళ్ళు తనని గెంటేశారని ఇన్నేళ్ళూ అనుకుంటే, వీళ్ళు తనకోసం చోటు ఉంచి కూర్చున్నారు. ఆ వరసలో ఇప్పుడు మిగిలింది ఒక్కరు. బేబీ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా తనూ గడపలో కూర్చుంది.

కాసేపటికి చిన్నమ్మాయత్త సూది మళ్ళీ అందుకుంది. ఊఁ, కాని, అంది. దుర్గ కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టింది. లాకు తలుపులు తెరుచుకున్నాయి. పడవ ఇవతలికి వచ్చింది. పాట పాడుతున్నవాడు మాణిక్యం తండ్రి కాడు, ఎవరో చుక్కాని పట్టిన కుర్రాడు. ముసలావిడ అయ్యో అంది. ఆ పాట తనకి నేర్పిన మనిషి దిగువన ఫలానా రేవులో ఉన్నాడని కుర్రాడు చెప్పాడు. మాణిక్యం ఆ పడవెక్కింది. అధ్యాయం అయిపోయింది. దుర్గ చెయ్యి పేజీ తిప్పడానికి లేచి, తనంతట తనే ఆగింది. చిన్నమ్మాయత్త చూడనట్టే చూసి, రేపు అంది.

శుక్రవారం పొద్దున లారీ వచ్చింది. దుర్గ ఉంచుదామన్న పుస్తకాల్లో సగం హారతి ఎలాగో కొత్త గదిలో కుక్కింది, కొన్ని ఇంటికి చేర్చింది. మిగతావి గోనెసంచుల్లో వెళ్ళిపోయాయి. లారీ మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నించున్నారు. మామ్మ ఆ పుస్తకం నిజాయితీగా తిరిగిచ్చేసుంటే అది కూడా ఇవాళ ఆ సంచుల్లోనే ఉండేది అంది హారతి. దుర్గ అప్పటికే ఆ మాట అనుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వెళ్ళారు. దుర్గ బట్టల సంచి కూడా వెంట తెచ్చుకుంది. చదవడం అవగానే అట్నించి అటే బస్సెక్కాలి. మిగిలింది చివరి అధ్యాయం, పట్టుమని పది కాగితాలు లేవు. బేబీ కుర్చీలు వేసి ఉంచింది. వంటింటి పని కూడా తొందరగా తెముల్చుకుని, ఆవిడా వినడానికి కూర్చుంది. దుర్గ మూట విప్పి పుస్తకం తెరిచింది. కూడబలుక్కున్న నాటి నుంచీ ఎదురుచూసిన పేజీ.

"బస్సెన్నింటికే?" అంది చిన్నమ్మాయత్త.

సాయంత్రం నాలుగింటికని దుర్గ చెప్పింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు ముసలావిడ. ముందుకి వంగి, వంకర తిరిగిన వేళ్ళతో తడిమి, దుర్గ చేతిలోంచి పుస్తకం లాక్కుంది. ఒళ్ళో పెట్టుకుని లేసు గుడ్డ చుట్టబోయింది. గుడ్డ చివర్లు సరిగా కలవక రెండుసార్లు విప్పింది.

హారతికి ఉక్రోషం వచ్చింది. "అదేంటి మామ్మా, ఒక్క అధ్యాయమేగా. అత్తకి టైమ్ లేకపోతే నేను చదువుతాను."

"నువ్వెక్కడ దొరికావే మధ్యలో?"

"అది లైబ్రరీ పుస్తకం, తెలుసా?"

"ఇచ్చేస్తాలేవే, చదవడం అయ్యాక."

బేబీ నవ్వాపుకోలేకపోయింది. హారతి న్యాయం చెప్పమన్నట్టు మేనత్త వైపు చూసింది. దుర్గ ఖాళీ అయిన తన చేతుల్ని చూసుకుంటోంది. అదే లాగడం, అదే మొరటు చెయ్యి. ఆ రోజు ఈ చెయ్యి పొమ్మంటోందనుకుంది. అది రమ్మనడమని తెలుసుకోడానికి ఒక జీవితం పట్టింది. ఆవిడ ముందుకి జరిగి, అత్త వేళ్ళకి అందని గుడ్డ చివర్లు పట్టి ముడి వేసింది. అరచేతుల చెమట తెల్లగుడ్డకి అంటింది. తుడవబోతే, ఉండనీ, అంది చిన్నమ్మాయత్త.

"వచ్చే బుధవారం వస్తానత్తా. రెండురోజులు ఉండేలా వస్తాను."

"వీధిలోంచి రా" అంది ముసలావిడ. మూట కుర్చీ పక్కన పెట్టుకుని, సూది అందుకుంది.

బస్టాండుకి నడుస్తుంటే హారతి మనసులో మాట దాచుకోలేదు. ఆవిడకి ఎనభై అయిదు దాటాయి అత్తా, బుధవారందాకా అంటే ఏం చెప్పగలం, ఇవాళే చదివేసి ఉండాల్సింది అంది. దుర్గకి కూడా గుండెల్లో ఆ మాట పీకుతూనే ఉంది.

"ఆగుతుందే. ఇన్నేళ్ళు ఆగిన మనిషి. చివర వినకుండా ఎక్కడికీ పోదు."

బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని సంచిలో చెయ్యి పెట్టింది. తెచ్చుకున్న పుస్తకాలు రెండూ తగిలాయి. తియ్యకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. బస్సు వంతెన ఎక్కితే కింద కాలవ నిండుగా కనపడింది. అందులో పడవలు మానేసి చాలా కాలమైంది. అయినా వెంకటదుర్గ తణుకు వచ్చేదాకా కిటికీలోంచి నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది, చేతిలో పుస్తకం లేకుండా.